డెంగ్యూ ఒకసారి వచ్చిపోయిందా? అయితే ఇంకా జాగ్రత్త

“నాకు అప్పట్లోనే వచ్చిపోయింది, మళ్లీ రాదులే.” వానలు మొదలైతే చాలు, మా దేవరకొండ వైపు ఈ మాట ఆడవాళ్ల నోట తెగ వినిపిస్తుంది. విన్నప్పుడల్లా నాకు టెన్షనే, ఎందుకంటే డెంగ్యూ విషయంలో అది నిజం కాదు. ఈ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. మనకు ఏ రకం సోకిందో దాని మీదే జీవితాంతం రక్షణ ఉంటుంది, మిగతా మూడింటి నుంచి దొరికే రక్షణ కొన్ని నెలల్లోనే తగ్గిపోతుంది. ఆ తర్వాత ఇంకో రకం సోకితే, పాత జ్వరం నాటి యాంటీబాడీలు (వైరస్‌తో పోరాడటానికి మన ఒళ్లు తయారుచేసుకునే రక్షకాలు) దాన్ని పట్టుకుంటాయి గానీ చంపలేవు, పైగా అది మన కణాల్లోకి దూరడానికి అవే సాయపడతాయి. చాలామంది రెండోసారి కూడా మామూలుగానే కోలుకుంటారు, కానీ ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం మాత్రం మొదటిసారి కన్నా ఎక్కువే.

“నాకసలు ఎప్పుడూ రాలేదు” అనే వాళ్లు కూడా గట్టిగా చెప్పలేరు. 2017-18లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 5 నుంచి 45 ఏళ్ల వాళ్ల రక్తం పరీక్షిస్తే, దక్షిణాదిలో దాదాపు 77 శాతం మందిలో పాత డెంగ్యూ ఆనవాళ్లు కనిపించాయి. వీళ్లలో చాలామందికి అది వచ్చిన సంగతే తెలియకపోవచ్చు.

మా వదినకు పోయిన వానాకాలం వచ్చింది. నాలుగో రోజు ఒళ్లు చల్లబడగానే “జరం తగ్గింది గదా, ఇంకేంది” అని లేచి బోళ్ల ముందు కూర్చుంది. అసలు భయపడాల్సింది అప్పుడే. జ్వరం దిగే మూడో రోజు నుంచి ఏడో రోజు లోపే రక్తనాళాల నుంచి నీరు బయటికి కారడం, రక్తస్రావం లాంటివి మొదలవచ్చు. వదినకు నెలసరి ముందే వచ్చింది, గంటకో బట్ట మార్చాల్సి వస్తోంది, అయినా డాక్టర్‌కు కడుపునొప్పి అని మాత్రమే చెప్పింది, మగ డాక్టర్ కదా, సిగ్గు. నర్సమ్మను పక్కకు పిలిచి నేను చెప్పాక గానీ వాళ్లు అడ్మిట్ చేసుకోలేదు. డెంగ్యూలో నెలసరి రక్తం విపరీతంగా పోవడం కూడా ప్రమాద సూచనే, చిగుళ్ల నుంచి రక్తం కారడంతో సమానం. ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, లేవలేనంత నీరసం ఉన్నా ఆగకూడదు. ఒళ్లు నొప్పులని ఆర్ఎంపీ దగ్గర నొప్పుల సూది వేయించుకోవద్దు, రక్తస్రావం పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే.

డెంగ్యూను మోసుకొచ్చే దోమ కుట్టేది ఎక్కువగా పగలు, పెరిగేది ఎక్కువగా నిలవ ఉన్న మంచినీళ్లలో. అంటే పగలంతా ఇంట్లో ఉండే వాళ్లకు ముప్పు ఇంట్లోనే. ఫ్లోరైడ్ కష్టం చూసిన నల్లగొండ ఆడవాళ్లకు మంచినీళ్లు పారబోయాలంటే ప్రాణం ఒప్పదు, అది నాకు తెలుసు. అందుకే తాగే నీళ్లకు గట్టి మూత పెట్టండి. వాడుక నీళ్ల గోలెం, డ్రమ్ము మాత్రం వారానికోసారి ఖాళీ చేసి, పీచుతో లోపలి గోడలు బాగా రుద్దండి. గుడ్లు నీటి అంచున గోడకే అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావవు, ఊరికే నీళ్లు ఒంపేస్తే పోవు. ఎండాకాలం అయ్యాక మూలన పడేసిన కూలర్ అడుగు కూడా చూడండి.

కడుపుతో ఉన్నవాళ్లకు జ్వరమొస్తే ఒక్క రోజు కూడా ఇంట్లో చూడొద్దు. నెలలు నిండకుండా కాన్పు కావచ్చు, కాన్పులో రక్తం ఎక్కువ పోవచ్చు. తల్లి యాంటీబాడీలు బిడ్డకూ చేరతాయి, మొదట్లో కాపాడతాయి. కానీ అవి తగ్గిపోతూ ఉండగా, ఆరు నెలల నుంచి ఏడాది లోపు డెంగ్యూ సోకితే బిడ్డకు మొదటిసారే తీవ్రంగా మారవచ్చు.

జ్వరం మొదలైన ఐదు రోజుల లోపు అయితే రక్తంలో వైరస్ ఆనవాలు చూసే ఎన్ఎస్1 పరీక్ష, దాటితే యాంటీబాడీలు చూసే ఐజీఎం పరీక్ష. ఇదివరకు డెంగ్యూ వచ్చిందా, నెలసరి ఎలా అవుతోంది, నెల తప్పిందా అన్న మూడు సంగతులూ డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి.