శాండ్‌బాక్స్‌కు డేటాబేస్ అలర్టా!

"అన్నా, ఈ టెస్ట్ మెషీన్‌కు డేటాబేస్ అలర్ట్ ఎందుకొస్తోంది?" అని కొత్తగా చేరిన తమ్ముడు అడిగేసరికి చాయ్ గ్లాసు చేతిలో అట్లనే ఆగింది. మడికొండ ఆఫీసులో ఈరోజు బోణీ ఇదే.

తీరా చూస్తే, మా సర్వర్లను కనిపెట్టుకుని ఉండి తేడా వస్తే అలర్ట్ పంపే సాఫ్ట్‌వేర్ తన రూల్ చెప్పినట్టే చేసింది. మెషీన్ పేరులో ఎక్కడైనా 'డీబీ' (డేటాబేస్‌కు పొట్టిపేరు) ఉంటే డేటాబేస్ అలర్ట్‌లు వచ్చే గ్రూపులో వెయ్యమని ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు. ఈ టెస్ట్ మెషీన్ పేరు శాండ్‌బాక్స్. ఇంగ్లిష్ స్పెల్లింగ్ రాసి చూడండి. నడిమధ్యలో డీ, బీ పక్కపక్కనే! ఫీడ్‌బ్యాక్ సర్వర్‌దీ అదే కథ. రెండూ పెద్దమనుషుల్లా ప్రొడక్షన్ (అంటే అసలు పనికి వాడే) డేటాబేస్‌ల పక్కన కూర్చున్నాయి.

'ఉంటే' తీసేసి 'మొదలైతే' అని మార్చాం. నాకు మాత్రం ఒక్క పేరునే నమ్మడం నచ్చదు. పేరు మనుషులు పెట్టేది. పోర్ట్ అయితే, అంటే బయటి నుంచి కనెక్షన్లు వచ్చే నంబరున్న తలుపు, అక్కడ నడిచే సాఫ్ట్‌వేర్ తెరిచేది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో మైఎస్‌క్యూఎల్ అయితే మామూలుగా 3306, పోస్ట్‌గ్రెస్ అయితే 5432. అందుకే ఆ పోర్ట్ తెరిచి ఉండాలన్న షరతు కూడా కలిపాం. అలర్ట్‌ల కోసం మేం వాడే ఆ సాఫ్ట్‌వేర్ జాబిక్స్‌లో ఇంకో సుఖం ఉంది. ఒక్కో సర్వర్‌లో నడిచే దాని చిన్న ప్రోగ్రామ్ (ఏజెంట్) సెట్టింగ్స్ ఫైల్‌లోనే మెటాడేటా, అంటే ఈ సర్వర్ ఏ రకందో చెప్పే మాట, రాసిపెడితే, కొత్త సర్వర్ దాన్ని చెప్పుకుంటూ వచ్చి తన గ్రూపులో తనే చేరుతుంది.

తప్పు గ్రూపులో పడ్డవి అరిచి దొరికిపోతాయి. ఏ రూల్‌కూ అందనివే అసలు టెన్షన్, వాటికి అలర్టే రాదు. అట్లాంటివన్నీ ఒక లిస్టు తీస్తే ఓ పాత విండోస్ సర్వర్ బయటపడింది. ఇది ఎవరిదని అడిగితే టీమంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆపేద్దామంటే ఒక్కరూ సరే అనరు!