డ్యాష్‌బోర్డు వెనక ఎలుక

సార్వా కోతలు అయ్యాక మా ఊళ్లో ఎలుకలు చేలు వదిలి ఇళ్ల మీద పడతాయి. ఈసారి ఒకటి మా కారెక్కింది. మొదట్లో ఏసీ వేస్తే ఏదో మగ్గిన వాసన. మూడో రోజుకి అద్దాలు దించకుండా కూర్చోలేకపోయాం. ఏసీ గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్ లాగి చూస్తే మధ్యలో నిమ్మకాయంత బొక్క.

అమలాపురంలో ఒక గ్యారేజీకి తీసుకెళ్తే, "డ్యాష్‌బోర్డు మొత్తం దించాలండి, పన్నెండు వేలవుద్ది. పండగ వెళ్లాక రండి" అన్నారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్తానని అమ్మకి మాటిచ్చి ఉన్నాను. భోగికి నాలుగు రోజులే ఉంది. మా బావమరిది ఇళ్లకి వైరింగ్ పనులు చేస్తాడు. ఫోన్ చేస్తే, "మనమే విప్పేద్దాం బావగారూ. ఏవుంది, బోల్టులే కదా!" అన్నాడు.

బండిని వాకిట్లో ఎండలోనే పెట్టాం. నీడ కోసం కొబ్బరిచెట్టు కింద పెడితే కాయ పడి ముందద్దం కూడా మార్చుకోవాల్సి వస్తుంది.

పదో నంబరు స్పానర్‌తో బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసి, టీ తాగుతూ కూర్చున్నాం. బద్ధకం కాదు. బ్యాటరీ తీసినా ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లోని కెపాసిటర్‌లో కాసేపు కరెంటు నిలవుంటుంది. పావుగంట ఆగాకే ఎయిర్‌బ్యాగ్ పసుపు కనెక్టర్ల జోలికి వెళ్లాం. బోనెట్ కూడా మూయలేదు. దాన్ని తెరిచే లివర్ ఉండేది డ్యాష్‌బోర్డు కిందే. కేబుల్ ఊడదీశాక బోనెట్ పడిందంటే అదో కొత్త పని.

స్క్రూలు కలిసిపోకుండా ఇడ్లీ రేకులు తెచ్చాను. ఒక్కో గుంటలో ఒక్కో చోటువి, పక్కన కాగితం ముక్క: మీటరు, స్టీరియో, గ్లవ్‌బాక్స్. ప్రతి కనెక్టరుకీ ఊడదీసే ముందు ఫోన్లో ఫొటో. ప్యానెళ్లని స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే గాట్లు పడతాయని చెక్క అట్లకాడకి గుడ్డ చుట్టి లేపాం. అయినా పదేళ్ల ఎండకి పెళుసెక్కిన క్లిప్పులు నాలుగు టప్‌టప్‌మని విరిగాయి.

స్టీరింగ్ చక్రం విప్పే సాహసం చేయలేదు. అందులోనూ ఎయిర్‌బ్యాగ్ ఉంది, దాని వెనక రిబ్బన్‌లాంటి వైరు చుట్ట ఉంది. చక్రాన్ని మోసే స్టీరింగ్ కాలమ్‌కున్న నాలుగు నట్లు తీసి, చక్రంతో సహా కిందికి దించి, సీటు మీద దిండేసి ఆనించాం.

ఇక అన్నీ వచ్చేశాయనుకుని చెరోవైపు పట్టుకుని లాగితే డ్యాష్‌బోర్డు కదల్లేదు. అరగంట కుస్తీ పట్టాం. మా వాడు ఇంకాస్త బలంగా లాగబోతుంటే ఆపాను. తలుపు తెరిస్తేనే కనబడే పక్క మూతల వెనక, కుడివైపొకటి ఎడమవైపొకటి, రెండు బోల్టులు. అవి తీశాక చేప గాలం వదిలినట్టు వచ్చేసింది. ఎడమ తలుపులోంచి ఇద్దరం బయటికి మోసి, ఎయిర్‌బ్యాగ్ మూత పైకుండేలా దుప్పటి మీద పెట్టాం.

గాలి గొట్టంలో గూడు. కొబ్బరి పీచు, ఊక, ఫిల్టర్ కాగితం తురుము, అన్నీ కలిపి గుండ్రంగా, ఒద్దికగా అల్లింది. మధ్యలో చచ్చిపడున్న ఎలుక. పక్కనే తొక్క ఒలిచిన వడ్లు వరసగా! కోపం వచ్చింది గానీ, ఆ అల్లిక చూస్తే ముచ్చటేసిన మాట కూడా నిజం. ఎలుక మూత్రంతో జ్వరాలొస్తాయి కాబట్టి పొడిగా ఊడ్చలేదు. గ్లవుజులు, మాస్కు పెట్టుకుని, బ్లీచింగ్ నీళ్లు చల్లి తడిపి, ఆగి తీశాం. బ్లోవర్ వైరు ఒకటి రాగి తేలేదాకా కొరికింది. మావాడు టంకం వేసి స్లీవ్ తొడిగాడు.

విప్పడం ఒక పూట, బిగించడం రోజున్నర. మధ్య గొట్టం నోరు సరిగ్గా కూర్చోక ఒకసారి మళ్లీ లేపాం. అన్ని కనెక్టర్లూ పెట్టాకే బ్యాటరీ కలిపాం. తాళం తిప్పాను. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. కొద్ది సెకన్లకి ఆరిపోయింది. "అయ్యింది బావగారూ!" అని వాడు అరుస్తుండగానే ఇండికేటర్ వేశాను. పలకలేదు.

ఫ్యూజు బానే ఉంది. అరగంట వెతికాక ఫొటోల్లో దొరికింది: ప్రమాద సూచిక లైట్ల స్విచ్చి కనెక్టరు పెట్టడం మర్చిపోయాం. మా కారులో ఇండికేటర్లకి కరెంటు దానిగుండానే వెళ్తుంది. మధ్య ప్యానెల్ మళ్లీ ఊడదీసి నొక్కితే టిక్కుమంది.

వైపర్ల కింద గాలి లోపలికి వెళ్లే చోట సన్న స్టీలు జాలీ బిగించాను. కొత్త ఫిల్టర్, పది రూపాయల చొప్పున నాలుగు క్లిప్పులు, అన్నీ కలిపి వెయ్యి లోపే.

కనుమ నాడు ఏసీ వేసుకునే తీర్థానికి వెళ్లాం. అమ్మ రెండుసార్లు ముక్కు ఎగబీల్చి ఏమీ అనలేదు. ఇడ్లీ రేకులు మాత్రం మళ్లీ వంటింట్లోకి రాలేదు. అటక మీదే ఉన్నాయి, ఎక్కడిదో తెలియని ఒక్క స్క్రూతో సహా.