పల్నాడు రాయి, పల్నాడు సిమెంటు: మా పార్కు గోడ అనుభవం

పల్నాడులోని మా పట్టణంలో పార్కుకు ప్రహరీ కట్టాలని పురపాలక సంఘం నిర్ణయించినప్పుడు, రోడ్డు వైపు గోడను శిల్పఫలకాలతో కట్టాలని కోరినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఉన్నత పాఠశాలలో డ్రాయింగు టీచరుగా పనిచేస్తున్నాను. అర్జీ పెట్టినప్పటి నుంచి ఆఖరి ఫలకం బిగించేదాకా ఆ పని వెంటే ఉన్నాను. ఇలాంటి ప్రయత్నం మిగతా ఊళ్లలోనూ జరగాలని నా కోరిక. అందుకే మాకు ఎదురైనవీ, మేము తేల్చుకున్నవీ వివరంగా రాస్తున్నాను.

మొదట అనుకున్న స్థలం పార్కు కాదు, ఊరి చివర పాత దిబ్బ పక్కనున్న కూడలి. ఆ దిబ్బ కేంద్ర రక్షిత కట్టడాల జాబితాలో ఉంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం. ఆ తర్వాత మరో 200 మీటర్ల దాకా ముందస్తు అనుమతి తప్పనిసరి. కొందరు విసుక్కున్నారు గానీ, నాకు ఆ నియమం సబబే అనిపించింది. మట్టి కింద ఏముందో తెలియని చోట పునాది తవ్వి వారసత్వాన్ని గౌరవించామని చెప్పుకోలేం. పార్కు గోడ దగ్గర ఆ చిక్కు లేదు.

ఏ బొమ్మలు పెట్టాలన్న దాని మీద చర్చ చాలా కాలం సాగింది. పల్నాటి వీరుల కథ కావాలని ఎక్కువమంది అడిగారు. ఆ కథంటే నాకూ ప్రాణమే. అయితే కారంపూడిలో ఏటా వీరుల ఉత్సవాలు జరుగుతాయి, బ్రహ్మనాయుడి పేరూ నాగమ్మ పేరూ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అమరావతి శిల్పం సంగతి అలా కాదు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేసరికే బౌద్ధ స్తూపాన్ని తవ్వి ఫలకాలను కొత్త కట్టడాలకు వాడుకుంటున్నారు. ఎన్నో ఫలకాలను సున్నం కోసం కాల్చేశారు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, అక్కడి నుంచి ఎక్కువ భాగం లండన్ వెళ్లాయి. ఇప్పుడు వాటిలో గొప్పవి చూడాలంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియానికో, బ్రిటిష్ మ్యూజియానికో వెళ్లాలి. పల్నాటి రాతి మీద పుట్టిన కళ పల్నాడు పిల్లలకు పాఠ్యపుస్తకంలో చిన్న ఫోటోగా మిగలడం నాకు కష్టంగా ఉండేది. సమావేశంలో ఇదే చెప్పాను. చివరికి రోడ్డు వైపు గోడకు అమరావతి అని ఒప్పుకున్నారు.

తరువాతి ప్రశ్న దేనితో చేయాలన్నది. ఫైబరుతో చేయించి రంగులు వేస్తే త్వరగా అవుతుందనీ, ఖర్చు తగ్గుతుందనీ ఒక గుత్తేదారు నమూనా తెచ్చి చూపించాడు. బంగారు రంగు పూసిన సింహం అది. ఆ సింహాన్ని ఏ రాష్ట్రంలో ఏ ఊళ్లో పెట్టినా ఒకటే. మా గోడ మా నేలదిగా కనబడాలంటే ముందు దాని పదార్థం మా నేలది కావాలి. అమరావతి ఫలకాలు దాదాపు అన్నీ లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి. అదే రాతి పొరల మీద పిడుగురాళ్ల సున్నపు బట్టీలు నడుస్తున్నాయి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే సున్నం. బంకమట్టి కలిపి సుమారు 1450 డిగ్రీల దాకా కాల్చి, వచ్చిన గట్టి ఉండలను (క్లింకరు) కొద్దిగా జిప్సంతో మెత్తగా నూరితే సిమెంటు. అంటే చెక్కిన ఫలకమూ పోతపోసిన ఫలకమూ ఒకే రాయికి పుట్టిన అక్కాచెల్లెళ్లు. ఈ సంగతి మనసుకు తట్టిన దగ్గర నుంచి రాయి, కాంక్రీటు రెండూ వాడాలన్న పట్టుదల పెరిగింది.

ఏది చెక్కాలి, ఏది పోతపోయాలి అన్నది శిల్పమే చెప్పింది. అమరావతి స్తూపం చుట్టూ ఉన్న ప్రాకారం పైవరుసలో పొడవాటి పూలదండ అలలుగా సాగుతుంది. దాన్ని భుజాల మీద మోసుకెళ్లే మనుషులు వరసగా ఉంటారు. ఒకే లయలో మళ్లీ మళ్లీ వచ్చే రూపం కాబట్టి అచ్చుకు అది తగినది. నలగిరి ఏనుగు ఫలకం దారి వేరు. చెన్నైలో ఉన్న ఆ గుండ్రటి ఫలకంలో మదమెక్కిన ఏనుగు వీధిలో పరుగెత్తడం, అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లడం రెండూ ఒకే చట్రంలో ఉంటాయి. జనం చెదిరిపోతుంటారు. భయంతో ఒక స్త్రీ పక్కనున్న మగవాణ్ని కరుచుకుంటుంది. కిటికీల్లోంచి తొంగిచూసేవాళ్లు వేరే. వీధి గోడ మీద ఉండవలసిన వీధి దృశ్యం అది, అందులో ఒక ముఖం ఇంకో ముఖంలా ఉండదు. కాబట్టి ఏనుగు ఫలకాన్ని రాతిలో చెక్కించాలనీ, పూలదండ వరుసను కాంక్రీటులో పోయించాలనీ, చివర్లలో పూర్ణఘటాలు (పూలు నిండిన కలశాలు) రాతిలోనే ఉండాలనీ తీర్మానించాం. పూర్ణఘటం ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉంది, 2018లో దానికి రూపం మార్చినప్పుడు కూడా అమరావతి శిల్పాన్నే ఆధారం చేసుకున్నారు.

డబ్బు దగ్గర పని ఆగింది. గోడకూ పునాదికీ అంచనా వేయడం ఇంజనీర్లకు తేలికే. శిల్పం పనిని చదరపు మీటరు లెక్కన టెండరు పిలిస్తే తక్కువ ధర వేసినవాడికి పోతుంది, వాడు మళ్లీ బంగారు సింహాన్నే తెస్తాడు. గోడ పని టెండరులో ఉంచి, శిల్పాన్ని విరాళాలతో విడిగా చేయించుకుంటామని అడిగాం. అప్పుడు నాకు అండగా నిలిచింది విధికుడి శాసనం. అమరావతిలో పూర్ణఘట ఫలకం ఒకటి చర్మకారుడైన విధికుడు ఇచ్చిన దానం. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు అందరితో కలిసి ఇచ్చినట్టు ప్రాకృతంలో చెక్కి ఉంది. ఆ స్తూపం రాజుల సొమ్ముతోనే నిలబడలేదు. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు తలా ఒక రాయి ఇచ్చారు. ఈ మాట బజారులో ప్రతి దుకాణంలోనూ చెప్పాను. ఎవరినీ పెద్ద మొత్తాలు అడగలేదు, ఎవరూ ఉత్త చేతులతో పంపలేదు. చెప్పులు కుట్టే ఆయన ఒకరు విధికుడి కథ రెండోసారి చెప్పించుకుని మరీ ఇచ్చారు.

శిల్పుల కోసం దుర్గి వెళ్లాం. మాచర్లకు దగ్గర్లోని ఆ ఊరి రాతిచెక్కడానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) ఉంది. పని ఒప్పుకున్న శిల్పి ముందు రాళ్ల దగ్గరకు తీసుకెళ్లారు. ప్రతి పలకనూ రెండు కొసల కింద దుంగలు పెట్టి లేపి, సుత్తితో మెల్లగా తట్టి చెవి దగ్గరగా పెట్టి వినేవారు. కంచులా మోగితే లోపల బాగున్నట్టు. మొద్దుగా పలికితే ఎక్కడో పగులున్నట్టు. కంటికి ఏ లోపమూ లేని అందమైన పలకను ఆయన పక్కన పెట్టేశారు. నేను అడిగితే తడి గుడ్డతో దాన్ని తుడిచి, "చూడండమ్మా" అన్నారు. రాయి ఆరుతుంటే వెంట్రుక మందం గీత ఒకటి తడిగా మిగిలింది. నీళ్లు ఆ గీతలోకి దిగాయి. అలాంటి రాయి ఏనుగు తొండం దగ్గర విడిపోతే చేసేదేమీ లేదు.

లోతు ఎంత ఉండాలన్నది మరో పెద్ద చర్చ. ఉబ్బెత్తు బొమ్మను కనబడేలా చేసేది నీడ. మా గోడ దక్షిణానికి చూస్తుంది. చలికాలం మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా పైనుంచి పడి ప్రతి మడతనూ పలికిస్తుంది. మే నెల నుంచి జులై దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు నడినెత్తి దాటి ఉత్తరంగా ఉంటాడు కాబట్టి గోడ నీడలోకి వెళ్లిపోతుంది. ఆ నెలల్లో లోతు తక్కువ బొమ్మ చదునుగా కనిపిస్తుంది. అందుకని మట్టి నమూనాను గోడ దగ్గరే నిలబెట్టి వేర్వేరు వేళల్లో చూశాం. ముందు వరుస మనుషుల భుజాలూ ఏనుగు తలా ఇంకా బయటకు రావాలనీ, కిటికీల్లోని ముఖాలు పలచగానే ఉండాలనీ అక్కడే తేలింది. కాగితం మీద చూసి ఈ నిర్ణయం చేయడం అసాధ్యం.

కాంక్రీటు ఫలకాల పని వేరే లోకం. గోడకు తగిలించేవి పలచగా ఉండాలి. పలచటి దానిలో ఇనుప చువ్వలు పెడితే వాటి మీద సరిపడా కాంక్రీటు కప్పు ఉండదు, తేమ తగిలి తుప్పు పట్టి ఉబ్బి ఫలకాన్నే పగలగొడతాయి. బదులుగా గాజు పీచు కలిపాం. మామూలు గాజు పీచు సిమెంటులోని క్షారానికి క్రమంగా తినేయబడుతుంది కాబట్టి క్షారాన్ని తట్టుకునే రకమే కొనాలి. సంచి మీద ఆ మాట చూసి కొనండి, దుకాణంలో రెండు రకాలూ ఉంటాయి. సన్న ఇసుకతో పాటు, శిల్పి దగ్గర రాలిన పల్నాటి రాతి రజనూ చిప్సునూ కూడా కలిపాం. ఎండిన తర్వాత పైపొరను గీరితే రాయి మెరుపు బయటపడింది. చెక్కిన రాతి పక్కన పెట్టినా రంగు ఎబ్బెట్టుగా లేదు.

మొదటి అచ్చు నుంచి తీసిన ఫలకానికి ముఖమంతా గాలి బుడగల గుంటలు వచ్చాయి. తాపీ మేస్త్రి అనుభవజ్ఞుడు. మిశ్రమం అంతా ఒకేసారి పోయకుండా ముందు పీచు లేని పలచటి పొరను బ్రష్షుతో అచ్చు మూలమూలకూ అద్దించి, దాని మీద మిగతాది పోసి, బల్లను కింద నుంచి తట్టిస్తూ గాలిని పైకి రప్పించారు. రెండోదాంట్లో పూలదండ రేకులు స్పష్టంగా వచ్చాయి. దండ కింద చేతివేళ్లు లోపలికి తిరిగిన చోట గట్టి అచ్చు అయితే ఇరుక్కుని విరిగేవి, అందుకే అచ్చును రబ్బరుతో చేయించాం. మడిచి లాగితే వచ్చేస్తుంది. అచ్చు తీశాక ఫలకాలను గోనెసంచులు కప్పి తడిపాం. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు తడి ఆరకూడదు, బూడిద కలిపిన రకానికి ఇంకా ఎక్కువ. అనుకున్న బలాన్ని 28 రోజులకు లెక్క కడతారు. ప్రారంభోత్సవం తేదీ ముందుకు జరపాలన్న ఒత్తిడి వచ్చింది గానీ మేస్త్రి ససేమిరా అన్నారు. బోరు నీళ్లు కూడా వద్దన్నారు. ఉప్పు నీళ్లతో తడిపితే ముఖం మీద తెల్లటి ఉప్పు పొంగి కూర్చుంటుంది, మంచి నీళ్ల ట్యాంకరు తెప్పించాల్సిందే అన్నారు.

బిగించడంలో చెప్పవలసినవి తక్కువే. తుప్పు పట్టని ఉక్కు క్లాంపులు, ఫలకానికీ ఫలకానికీ మధ్య ఎండకు సాగడానికి సన్నని సందు, పైన వాన నీరు ముఖం మీద కారకుండా ముందుకు పొడుచుకొచ్చిన కప్పురాయి, దాని కింద నీటిచుక్క తెగిపడే గాడి. ఈ గాడి లేకపోతే కొన్నేళ్లలో ప్రతి ముఖం మీదా నల్లటి చారలు పడతాయి.

అసలు ప్రమాదం చివర్లో వచ్చింది. సిమెంటు మరకలు కడగడానికి కూలీలు యాసిడ్ సీసా తెచ్చారు. నాపరాయి పరిచిన చోటా, టైల్స్ వేసిన చోటా అదే అలవాటు. శిల్పి పరుగున వచ్చి ఆపారు. రాలిన ఒక రాతి ముక్క మీద ఒక్క చుక్క వేసి చూపించారు. బుసబుసమని నురుగు పొంగింది, ఆరాక అక్కడ మెరుగు పోయి చిన్న గుంట మిగిలింది. సున్నపురాయిని యాసిడ్ తినేస్తుంది. అందరి ముందూ ఆ చుక్క వేయడం వల్ల పని మనుషులు ఇంకెప్పుడూ సీసా ముట్టలేదు. మరకలను వెదురు పుల్లలతో గీరి, మెత్తటి బ్రష్షు, నీళ్లతోనే తీశారు.

పేర్ల విషయంలో నేను గట్టిగా నిలబడ్డాను. పదవుల్లో ఉన్నవారి పేర్లకు విడిగా శిలాఫలకం ఎలాగూ ఉంటుంది. గోడ మీద మాత్రం శిల్పులు, మేస్త్రి, కూలీలు, విరాళమిచ్చిన కుటుంబాల పేర్లు పూర్ణఘటం కింద ఒకే సైజు అక్షరాల్లో చెక్కించాం. ఎవరు ఎంత ఇచ్చారో రాయలేదు. మోత పని చేసిన ఒకామె తన పేరు మీద వేలు పెట్టి, చదువుకుంటున్న మనవరాలి చేత బయటికి చదివించుకుంది.

గోడను అప్పగించేటప్పుడు నిర్వహణ కాగితం ఒకటి రాసి, పురపాలక సంఘం చేత సంతకం చేయించుకున్నాం. పండుగలకూ జాతీయ దినోత్సవాలకూ ఫలకాలకు ఎనామిల్ రంగు వేయకూడదు. రంగు వేస్తే రాతి లోపలి తేమ బయటకు రాలేక పొర ఊడుతుంది. పోస్టర్లు అంటించకూడదు, అంటిస్తే నీళ్లతో నానబెట్టి తీయాలి, ఇనుప బ్రష్షు వాడకూడదు. వర్షాకాలం దాటగానే కప్పురాయి కింద సందులు చూసి, నీరు దిగే చోట పూడ్చాలి. ఆ తనిఖీలో ఒకచోట సందు తెరుచుకుని కనిపించింది. మేస్త్రి వచ్చి సున్నం, సన్న ఇసుక కలిపి మూసి, తేదీ కాగితం మీద రాయించారు.