వెనక్కి పారే నది ఒడ్డున

చికాగో నది మిచిగన్ సరస్సులో కలవదని, సరస్సు నుంచే బయటికి పారుతుందని పడవలోని గైడు చెప్పినప్పుడు, మేము డుసాబుల్ వంతెన కింద ఉన్నాము. తలెత్తితే ఇనుప దూలాలకు వరుసగా బిగించిన రివెట్లు కనిపిస్తున్నాయి. మే నెలలో స్వెటరెందుకని దాన్ని హోటల్లోనే వదిలేసి వచ్చిన నా తెలివితక్కువతనాన్ని సరస్సు గాలి ప్రతి మలుపులోనూ గుర్తుచేస్తూనే ఉంది.

నది ఒకప్పుడు అన్ని నదుల్లాగానే సరస్సులోకి పారేది. ఊరి మురుగూ, పశువధశాలల వ్యర్థాలూ దానితోపాటే వెళ్లి, ఊరంతా తాగే నీళ్లలో కలిసేవి. అందుకని 45 కిలోమీటర్ల కాలువ తవ్వి, 1900 జనవరిలో నది దిశనే మార్చేశారు. చికాగోకు రోగభయం తగ్గింది కానీ, దిగువన మిసిసిపీ ఒడ్డునున్న సెయింట్ లూయిస్ మాటేమిటి? వాళ్ల తరఫున మిసోరీ రాష్ట్రం దావా వేసింది, 1906లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. నదీజలాల తగాదాల మధ్య పెరిగిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు.

అంతకుముందు, 1850లు, 60లలో, బురదనేలలో మురుగు కాలువలు వేయడానికి వీలుగా వీధుల మట్టాన్నే పెంచి, భవనాలను స్క్రూ జాకీలతో పైకి లేపారు. ట్రెమాంట్ హౌస్ అనే ఇటుకల హోటల్‌నైతే అతిథులు లోపల ఉండగానే ఎత్తారట. జాకీలతో ఇళ్లు లేపడం ఇప్పుడు మన ఊళ్లలోనూ చూస్తున్నాం గనుక, ఆ పనివాళ్ల ఓపిక ఎంతటిదో ఊహించగలిగాను. ఇంత శ్రమపడి నిలబెట్టిన ఊరి నడిబొడ్డు 1871 అక్టోబరు అగ్నిప్రమాదంలో కాలిపోయింది, దాదాపు లక్షమంది నిలువ నీడ లేనివారయ్యారు. ఆ శిథిలాలను సరస్సులోకి నెట్టి పూడ్చిన నేల ఇవాళ గ్రాంట్ పార్కులో భాగం. పక్కనే జనం ఫొటోల కోసం ఎగబడే, గింజ ఆకారంలోని ఉక్కు శిల్పం కంటే, కాళ్ల కింద బూడిద ఉన్న ఆ పచ్చికే నన్ను ఎక్కువసేపు నిలిపింది.

పార్కును ఆనుకుని ఉన్న ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనంలోనే 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు సర్వమత మహాసభలో ప్రసంగించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆయన సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్యయాత్ర ఉద్దేశాన్ని వివరించారు. ఆ కళాశాల ముందునుంచి వందలసార్లు వెళ్లిన నాకు ఈ మెట్లెక్కుతుంటే ఏదో తెలిసిన చోటికి వచ్చినట్లే అనిపించింది. ద్వారానికి ఇరువైపులా ఉన్న కంచు సింహాలు మాత్రం 1894లో వచ్చాయి. ఆయన వచ్చిననాటికి అవి లేవు.

రాత్రి ఒక చిన్న బ్లూస్ క్లబ్బులో కూర్చున్నాను. అమెరికా దక్షిణాది పత్తిచేల నుంచి లక్షలాదిగా రైళ్లలో వచ్చిన నల్లజాతివారు ఈ పాటను వెంట తెచ్చుకున్నారు. 1943లో వచ్చిన గాయకుడు మడ్డీ వాటర్స్ వంటివారు, ఇక్కడి రద్దీ బార్ల హోరులో వినపడాలని దానికి ఎలక్ట్రిక్ గిటారు జోడించారు. వేదిక మీది పెద్దాయన పాట మధ్యలో ఆగి, తువ్వాలుతో తీగలు తుడుచుకుని, మళ్లీ అక్కడినుంచే అందుకున్నాడు.

గదికి చేరేసరికి గొంతు ఆరిపోయింది. కుళాయి తిప్పి ఒక గ్లాసు నీళ్లు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి, సరస్సు నీళ్లే.