నా కళ్ళకి కనపడే చోట రంగు

ఇవ్వాళ శనివారం కదా అని బీరువాలో ఉన్నదంతా తీసి మంచం మీద కుమ్మరించా. కుప్ప చూస్తే నలుపు, బూడిద, నేవీ బ్లూ, మళ్ళీ నలుపు. ఇక్కడ స్కాట్లాండ్‌లో, ఎడిన్‌బరాలో అక్టోబర్ వచ్చిందంటే షాపుల్లో అమ్మేవే ఆ రంగులు, బస్సెక్కితే అందరి ఒంటి మీదా అవే, ఊళ్ళో పాత రాతి బిల్డింగులు కూడా ఎప్పటిదో బొగ్గు పొగ పట్టి నల్లగానే ఉంటాయి. దానికి తోడు డిసెంబర్ మూడో వారం, పొద్దున 8:40 దాకా సూర్యుడు రాడు, మధ్యాహ్నం 3:40కల్లా డ్యూటీ దిగిపోతాడు, ఆ మధ్యలో ఉన్న ఏడు గంటలూ మబ్బే.

ఈ చీకటికి పుట్టే దిగులుకి డాక్టర్లు పెట్టిన పేరు కూడా ఉంది, సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని, 1984లో అమెరికాలో నార్మన్ రోసెంతాల్ వాళ్ళ టీమ్ దాని గురించి రాసింది. అది నిజంగా ఉన్నవాళ్ళకి డాక్టరు కావాలి, 10,000 లక్స్ వెలుగిచ్చే లైట్ బాక్సో, మందులో కావాలి, స్వెట్టర్ మారిస్తే పోయేది కాదు. నాది అంత దూరం కాదులెండి. నాలుగయ్యేసరికి ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, పెరుగన్నం కలుపుకోవడానిక్కూడా బద్ధకం, అంతే. విటమిన్ డి మాత్ర వేసుకుంటున్నా, మిగతాది బట్టలతో ఏమన్నా అవుతుందేమో చూద్దామని ఈ సర్దుడు.

అసలు ఈ ఐడియా మా ఆఫీసులో ఒకావిడ వల్ల వచ్చింది. పోయినేడు చలికాలం ఆవిడ పసుపు ముద్దలాంటి కోటు ఒకటి వేసుకొచ్చేది, ఆవిడ లోపలికి రాగానే మాకందరికీ ప్రాణం లేచొచ్చేది. బాగుందండీ అంటే నవ్వేసి, నాకేం తెలుస్తుంది, నేను దాని లోపల ఉన్నాగా అంది. అదీ నిజమే కదా! కోటు రంగు ఎదుటివాళ్ళకి. రోజంతా నా కళ్ళకి కనపడేవి నా చేతులు, మోచేతి దాకా స్లీవ్‌లు, గడ్డం కింద స్కార్ఫ్, ఇంటికొస్తే సాక్సులు. కాబట్టి పైన నల్లకోటు అలాగే ఉంచేశా, వర్షానికీ గాలికీ అది బాగానే పనిచేస్తుంది, దాన్ని మార్చాల్సిన పనేం లేదు. కుంకుమ రంగు ఉన్ని గ్లవ్స్, చిలకాకుపచ్చ స్వెట్టర్ ఒకటి, స్కార్ఫ్‌కి బదులు నా పోచంపల్లి పట్టు దుపట్టా. బస్సులో రాడ్ పట్టుకున్నప్పుడు ఆ ఎర్ర చేతులు కళ్ళ ముందే ఉంటాయి, కీబోర్డ్ మీద టైప్ చేస్తుంటే ఆకుపచ్చ స్లీవ్‌లు. వేరేవాళ్ళు చూశారా లేదా నాకనవసరం.

దుపట్టా గురించి ఒకటి చెప్పాలి. అది ఇన్నాళ్ళూ పెళ్ళిళ్ళకని అడుగున దాచిపెట్టుకున్నదే. ఇక్కడ ఎవరి పెళ్ళి ఉందని! పట్టు మెడకి గుచ్చుకోదు, దాని మీద ఉన్ని మఫ్లర్ చుట్టుకుంటే రెండిటి మధ్యా గాలి ఆగి వెచ్చగా ఉంటుంది. లోపల మెరీనో ఉన్ని థర్మల్ వేసుకుంటా, కాటన్ మాత్రం వద్దు, కాటన్ తడిసిందంటే ఒంటికి అంటుకుని ఇంకా చలి పుట్టిస్తుంది, ఉన్ని కొంచెం తడిసినా వెచ్చగానే ఉంటుంది. సాక్సులు కూడా మందంగా ఉంటాయని రెండేసి జతలు తొడిగితే బూటు బిగుసుకుపోయి రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. ఒకటే జత, ఆవపిండి రంగుది, చాలు.

ఇక అసలు సంగతి జాకెట్. ఊళ్ళో స్టాక్‌బ్రిడ్జ్ అనే పేటలో వరసగా చారిటీ షాపులుంటాయి, జనం ఇచ్చేసిన పాత సామాన్లు అమ్మేవి, అక్కడ దొరికింది, పాత హారిస్ ట్వీడ్, అంటే మందపాటి ఉన్ని గుడ్డది. దూరం నుంచి చూస్తే మట్టి రంగు. దగ్గరికెళ్ళి చూస్తే అందులో నారింజ, నీలం, ఊదా పోగులు అన్నీ ఉన్నాయి, ఎందుకంటే వాళ్ళు ఉన్నిని వడకడానికి ముందే రంగేసి, ఆ రంగులన్నీ కలిపి దారం తీస్తారు. మన పోచంపల్లిలోనూ నేతకి ముందే దారానికి చిటికి కట్టి, అంటే అక్కడక్కడా బిగించి కట్టి, రంగేస్తారు కదా, అందుకే కాబోలు దుపట్టా, జాకెట్ పక్కపక్కన పెడితే అస్సలు కొట్లాడుకోవట్లేదు. హారిస్ ట్వీడ్ అన్న పేరు పెట్టాలంటే స్కాట్లాండ్ పడమటి దీవుల్లో నేతగాళ్ళు వాళ్ళ ఇళ్ళ దగ్గరే మగ్గం మీద నేయాలి, 1993లో దానికోసం బ్రిటన్ పార్లమెంటు చట్టమే చేసింది. మన చేనేతకి పవర్‌లూమ్ నకిలీలు ఎన్ని దిగుతున్నాయో తలుచుకుంటే ఇది చదివినప్పుడు కుళ్ళు పుట్టింది నాకు.

ఆ జాకెట్‌కి లైనింగ్ చిరిగిపోయి ఉంది. అమ్మ ధర్మవరం చీర ఒకటి నా దగ్గరుంది, మడతల దగ్గర చిట్లిపోయింది, కట్టడానికి పనికిరాదు, కానీ మధ్యలో మామిడిపండు రంగు గుడ్డ గట్టిగానే ఉంది. ఆల్టరేషన్ చేసే ఆయన చూసి, పట్టయితే చేతులు సులువుగా జారతాయి, కానీ జరీ తీసెయ్యాలి, గీసుకుంటుంది అన్నాడు. జాకెట్ కన్నా కుట్టుకూలే ఎక్కువైంది. అయితే ఏం, బటన్ విప్పినప్పుడల్లా లోపల్నుంచి మామిడిపండు రంగు, అదీ నాకు మాత్రమే కనపడేట్టు.

మూడున్నరకి బయట లైట్లు వెలుగుతుంటే అమ్మకి వీడియో కాల్ చేశా, అక్కడ రాత్రి తొమ్మిది. ధనుర్మాసం, తెల్లారుజామున గుడికి వెళ్ళాలని పడుకోబోతోంది. జాకెట్ విప్పి లోపల చూపించా. కాసేపు ఏం మాట్లాడలేదు.

"పట్టుచీరకి కత్తెర పెట్టావా?"

"చిట్లిపోయిందమ్మా, ఇంకేం చేస్తాం?"

"బోర్డర్ ఏం చేశావు?"

"ఇక్కడే ఉంది."

"పారేయకే, అది వెండి జరీ, పాత జరీ కొనేవాడు మొన్న మన వీధిలోకొచ్చాడు. ఈసారి వచ్చేటప్పుడు తీసుకురా."

ఆ తర్వాత మెల్లిగా, చిట్లిన చీర ఇంకోటి ఉంది, వంగపండు రంగుది, పంపనా అంది. పంపమన్నా, పార్సిల్‌లో కాస్త చోటుంటే గోంగూర పచ్చడి కూడా పెట్టమన్నా.