నా అనుభవం: కాలనీ గస్తీ బృందాన్ని నిలబెట్టడం

కాలనీలో దొంగతనం జరిగిన మర్నాడు గస్తీకి రమ్మంటే ఇంటికొకరు వస్తారు. రెండు నెలలు గడిచాయంటే గేటు దగ్గర మిగిలేది కార్యదర్శి, ఆయన మొహం చూసి కాదనలేక వచ్చిన పక్కింటాయన. ధైర్యం చాలక ఆగిపోయిన బృందాన్ని నేను చూడలేదు. నిద్ర చాలక, వంతులు సరిగ్గా పంచుకోక ఆగిపోయినవే అన్నీ.

అందుకే మొదటి సమావేశంలోనే ‘రోజూ తెల్లవార్లూ’ అనే మాటను పక్కన పెట్టేశాం. వారానికి మూడు రాత్రులు, రాత్రికి రెండు జతలు, జతకు రెండు గంటలు. అంటే వారానికి 12 వంతులు. 24 మంది ఉంటే ఒక్కొక్కరికి రెండు వారాలకోసారి వస్తుంది. ఉద్యోగం చేసుకునేవాళ్లు ఇంతకు మించి మొయ్యలేరు. ఆ మూడు రాత్రులు ఏవన్నది, బయలుదేరే వేళ, తిరిగే దారి ఎప్పటికప్పుడు మారుతుండాలి. ప్రతి శనివారం 11 గంటలకు ఒకే మూల నుంచి బయలుదేరితే, కాపు కాసే దొంగకు టైంటేబుల్ చేతికిచ్చినట్టే. వంతుకు రాలేనివాళ్లు బదులు మనిషిని తామే వెతుక్కోవాలన్న నియమం చిన్నదే గానీ చాలా పనిచేస్తుంది. ఆ వెతుకులాట సమన్వయకర్త నెత్తిన పడితే నెల తిరక్కుండానే ఆయన ఫోను ఎత్తడం మానేస్తాడు.

సామగ్రికి పెద్దగా ఆలోచించక్కర్లేదు: మెరిసే చారల జాకెట్టు, టార్చి, విజిల్, పూర్తిగా ఛార్జి ఉన్న ఫోను, జేబులో పట్టే నోటుపుస్తకం, రెండు పెన్నులు. కర్రలు మాత్రం వద్దు. చేతిలో కర్ర ఉన్నవాడికి దాన్ని వాడబుద్ధేస్తుంది. అమెరికాలో షెరీఫుల (జిల్లా స్థాయి పోలీసు అధికారుల) జాతీయ సంఘం 1972లో మొదలుపెట్టిన ‘నైబర్‌హుడ్ వాచ్’ పనంతా గమనించడం, పోలీసులకు చెప్పడమే. ఆపడం, నిలదీయడం, వెంటపడటం బృందం పనులు కావు. అవతలివాడి దగ్గర ఏముందో, వాడి వెనక ఎంతమంది ఉన్నారో చీకట్లో తెలియదు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం, వాడు నైట్ షిఫ్టు నుంచి ఇంటికి పోతున్న మనిషి కావచ్చు.

గస్తీలో అసలు విలువైనది నోటుపుస్తకం. కొత్తవాళ్లు రాసేది ఇలా ఉంటుంది: ‘రాత్రి అనుమానాస్పద వ్యక్తి తిరిగాడు.’ దీంతో స్టేషన్‌లో ఎవరూ ఏమీ చెయ్యలేరు. రాయాల్సింది ఇలా: ‘1:40. మూడో అడ్డవీధి, నీళ్ల ట్యాంకు పక్కన. నంబరు ప్లేటు లేని నల్ల బైకు, ఇంజను ఆపి ఉంది. ఇద్దరు. ఒకడు బైకు మీదే ఉన్నాడు, రెండోవాడు వరసగా నాలుగు గేట్ల గొళ్లేలు కదిపి చూశాడు. 1:46కి రోడ్డు వైపు వెళ్లిపోయారు.’ మనిషి వాలకం కాదు, చేసిన పని రాయాలి. ఎత్తు అంచనా వెయ్యడం రాకపోతే ‘గేటు పైకమ్మీకి భుజం తగిలింది’ అని రాస్తే చాలు, పొద్దున టేపుతో కొలుచుకోవచ్చు. చొక్కా రంగు కంటే చెప్పులు, నడక ఎక్కువ పనికొస్తాయి. చొక్కా సందు మలుపులోనే మార్చుకుంటారు, చెప్పులు మార్చరు.

వాట్సాప్ గ్రూపు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. డార్లీ, లాటానే అనే మనస్తత్వవేత్తలు 1968లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఇంటర్‌కామ్‌లో మాట్లాడుతున్న మనిషికి మూర్ఛ వచ్చినట్టు వినిపిస్తే ఎంతమంది లేచి సాయానికి వెళ్తారన్నది ప్రశ్న. వింటున్నది తానొక్కడే అనుకున్నవాళ్లలో 85 శాతం వెళ్లారు. మరో నలుగురు కూడా వింటున్నారనుకున్నప్పుడు అది 31 శాతానికి పడిపోయింది. రెండు వందల మంది ఉన్న గ్రూపులో ‘వెనక వీధిలో ఏదో చప్పుడు’ అని పెడితే ఇదే జరుగుతుంది. అందరూ చదువుతారు, ఎవరో ఒకరు ఫోను చేసే ఉంటారనుకుంటారు. అందుకే మా వంతుల పట్టికలో ప్రతి రాత్రికీ ‘ఫోను చేసే మనిషి’ అని ఒక పేరు విడిగా ఉంటుంది. కళ్లారా చూసినవాళ్లయితే ముందు అత్యవసర నంబరుకు చేసి, ఆ తర్వాతే గ్రూపు అడ్మిన్‌కు పంపాలి. కాల్‌లో మొట్టమొదట చెప్పాల్సింది చోటు, దగ్గర్లోని గుర్తుతో సహా. మధ్యలో లైను తెగినా బండి బయలుదేరేది ఆ చోటును బట్టే. తర్వాత ఏం జరుగుతోంది, ఎంతమంది, ఎటు పోతున్నారు. అవతలివాళ్లు పెట్టేయమనేదాకా పెట్టకూడదు.

గ్రూపులో అపరిచితుల ఫొటోలు, ‘వీడు పిల్లల్ని ఎత్తుకెళ్లేవాడట’ తరహా ఫార్వర్డులు నిషిద్ధం. ఇలాంటి పుకార్లకు భారతదేశంలో మనుషులను కొట్టి చంపాకే, 2018లో వాట్సాప్ ఇక్కడ ఫార్వర్డులను ఒకేసారి ఐదు చాట్‌లకు పరిమితం చేసింది. మా పద్ధతి ఏమిటంటే గ్రూపులో పోస్టు పెట్టేది అడ్మిన్లే, మిగతావాళ్లు అడ్మిన్‌కు విడిగా పంపాలి. గుడ్ మార్నింగుల బెడద కూడా దాంతోనే తీరింది.

దొంగతనం జరిగాక కాలనీ మొత్తాన్ని పహరా కాయాలనుకోవడం శక్తిని వృథా చేసుకోవడమే. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో, కర్క్‌హోల్ట్ అనే నివాస ప్రాంతంలో 1980లలో జరిగిన పనిలో తేలింది ఇది: ఒకసారి దొంగలు పడిన ఇంటికే మళ్లీ పడే ముప్పు ఎక్కువ. తలుపులు ఎటున్నాయో, ఎటునుంచి తప్పించుకోవచ్చో వాళ్లకు ఇప్పటికే తెలుసు. అక్కడ బాధిత ఇంటి చుట్టూ ఉన్న కొద్ది ఇళ్లవాళ్లనే ఆ ఇంటి మీద కన్నేసి ఉంచమన్నారు. మేమూ అదే చేస్తాం. చుట్టుపక్కల, ఎదురు, వెనక కలిపి ఐదారు ఇళ్లు, కొన్ని వారాల పాటు. తొలిరోజే ఆ ఇంటి తాళాలు, కిటికీ గొళ్లేలు బాగు చేయించడం గస్తీ కంటే ముందు జరగాలి.

వీధి దీపాల పరిశీలన అమావాస్య రాత్రి చేసుకోవాలి, పున్నమినాడు అన్నీ బాగానే కనిపిస్తాయి. వెలగని దీపానికి స్తంభం నంబరు రాసుకుని ఫిర్యాదు చేసి, రసీదు నంబరు నోటుపుస్తకంలో ఎక్కించాలి. సగం చోట్ల దీపం వెలుగుతూనే ఉంటుంది, చెట్టు కొమ్మ అడ్డమొచ్చి వెలుగు కిందికి దిగదు. కిటికీల కింద పొదలు 3 అడుగులు దాటకుండా, కొమ్మలు 7 అడుగుల కిందికి వేలాడకుండా కత్తిరిస్తే దాక్కునే చోటు ఉండదు. ఒకే చోట కళ్లు చెదిరే ఫ్లడ్‌లైటు పెడితే దాని పక్కనున్న నీడ మరింత చిక్కబడుతుంది.

కెమెరాలున్నాయిలే అన్న ధీమా చాలాచోట్ల ఉత్తదే. సెకనుకు 2 మెగాబిట్ల (2 ఎంబీపీఎస్) చొప్పున రికార్డయ్యే ఒక్క కెమెరా రోజుకు దాదాపు 21.6 గిగాబైట్లు తింటుంది. నాలుగు కెమెరాలుంటే 86. ఒక టెరాబైట్ డిస్కు పదకొండు రోజుల్లో నిండి, పాతదాని మీదే కొత్తది రాసుకుంటుంది. ఊరెళ్లి రెండు వారాలకు వచ్చినవాళ్లు దొంగతనం సంగతి చెప్పేసరికి దృశ్యం ఉండదు. కెమెరా దృశ్యాలను రికార్డు చేసే పెట్టె (డీవీఆర్) గడియారం కూడా మెల్లగా జారుతుంటుంది, నెలకోసారి ఫోను టైముతో సరిచూడాలి. దృశ్యం కాపీ చేసినరోజు ఎన్ని నిమిషాల తేడా ఉందో రాసి జతచేయాలి. పన్నెండడుగుల ఎత్తున బిగించిన కెమెరాకు దొరికేవి టోపీలే, గేటు దగ్గర ముఖం కావాలంటే ఎనిమిది అడుగులు చాలు. రాత్రి బొమ్మంతా తెల్లగా అలుక్కుపోతే కెమెరా చెడిపోయిందనుకోకండి, లెన్సు ముందు సాలెగూడు ఉందేమో చూడండి.

చివరగా ఊరెళ్లేవాళ్ల జాబితా. ఎవరిల్లు ఎప్పటిదాకా ఖాళీయో గ్రూపులో పెట్టడమంటే ఆ సమాచారం ఎవరి చేతికి పోతుందో తెలియకపోవడమే. ఆ వరస ఇళ్ల బాధ్యుడికి మాత్రమే నోటితో చెప్పాలి. ఆయన నోటుపుస్తకంలో విడి కాగితం మీద రాసుకుంటాడు, వాకిట్లో పేరుకున్న పేపర్లు రోజూ తీయిస్తాడు, బయటి దీపం పగలు కూడా వెలుగుతోందేమో చూస్తాడు. ఇంటివాళ్లు తిరిగొచ్చారని తెలిసిన రోజే ఆ కాగితం చించేస్తాడు.