మామిడితోటలో తడి టవలు

పొద్దున ఐదున్నరకే లేచి చంద్రగిరి దగ్గర మామ వాళ్ల మామిడితోటకి పోయినాను, గోల్ఫ్ కిట్టు మొత్తం మోసుకుపోలేదు, 56 డిగ్రీల సాండ్ వెడ్జి, పిచింగ్ వెడ్జి (బంతిని లేపి కొట్టే ఏటవాలు మూతి క్లబ్బులు, అంటే గోల్ఫ్ కర్రలు), ఇరవై పాత బంతులు, అంతే. తిరుపతిలో ఉండేవాళ్లం గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ నున్నగా కోసిన గడ్డి మీద, ఆడాలంటే చెన్నైకో బెంగళూరుకో పోవాల, అది నెలకొకసారి కుదిరితే గొప్ప, అందుకే బోరు పక్కన గరిక దట్టంగా ఉన్నచోట మామ నున్నగా కోయించి ఇచ్చినాడు, నేను 4.25 అంగుళాలు కొలిచి గుంట తవ్వుకున్నా.

పోయినసారి చెన్నైలో రెండు దెబ్బల్లో గ్రీన్ పక్కకి వచ్చేసి అక్కణ్ణుంచి నాలుగు కొట్టినా. ఒకసారి క్లబ్బు ముందు నేలకి తగిలి బంతి మూడడుగులు కూడా పోలేదు, తర్వాతది బంతి నడుముకి తగిలి గ్రీన్ దాటి అవతల పడింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అదే కళ్ల ముందు తిరగతా ఉండింది.

ఈరోజు టవలు తడిపి నాలుగడుగుల దూరంలో పరిచి బంతి దానిమీద పడాల అని మొదలుపెట్టినా, మొదటి ఇరవైలో ఆరే పడినాయి. బావ కూతురు బంతులు ఏరి నాకు విసరకుండా అక్కణ్ణుంచే టవలు మీదికి వేస్తా ఉంది, కింద చేత్తో, మెల్లగా, ఒక్కటీ తప్పటం లేదు. ఆ పాప మణికట్టు అస్సలు ఆడటం లేదు, భుజం నుంచి చెయ్యంతా ఒకటే ఊపు. నేనేమో బంతిని లేపాలని చివర్లో మణికట్టు విదిలిస్తా ఉండా! లేపే పని వెడ్జి ఏటవాలుదే కదా.

క్లబ్బు పక్కన పెట్టి పదిసార్లు చేత్తోనే వేసినా, తర్వాత బరువు ఎడమకాలి మీద ఉంచి, చేతులు బంతికంటే కొంచెం ముందుకు పెట్టి, అదే ఊపుతో కొడితే ఇరవైలో పదమూడు. క్లబ్బు గరికని రాసుకుంటా పోయే ఆ సర్రుమనే చప్పుడు ఇంకా చెవిలోనే ఉండాది. అదే దెబ్బ పిచింగ్ వెడ్జితో కొడితే బంతి కిందగా పోయి ఇంకా చానా దూరం దొర్లింది, కాబట్టి గుంట దూరంగా ఉంటే అదే వాడాల.

2021లో టోక్యో ఒలింపిక్స్ అప్పుడు మన పక్కూరు బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ గోల్ఫ్‌లో ఒక్క స్ట్రోకు, అంటే ఒక్క దెబ్బ తేడాతో పతకం తప్పి నాలుగో స్థానంలో ఆగిపోయింది, చానామంది కంటే తక్కువ దూరం కొడతా గ్రీన్ దగ్గర చేతివాటంతోనే అంతదూరం వచ్చింది. ఆ పొద్దు చూసినప్పుడే నాకీ పిచ్చి పట్టింది.

లెక్క చూస్తే పంతొమ్మిది బంతులే ఉండాయి. పాప కాలవలో చెయ్యి పెట్టి బురదలోనుంచి ఇరవయ్యోది తీసి, పావడాకి తుడిచి, "ఇది నేను కొడతా మామా" అనింది. వెడ్జి సగానికి పట్టుకోమని చేతికిచ్చినా.